హబషా నుండి వచ్చిన పిల్లలు

సౌదీ అరేబియా ప్రభుత్వం 2017 జూలై నుండి అక్కడ పనిచేసే పరదేశీయుల కుటుంబ సభ్యుల మీద రుసుము విధించింది. మొదట తలకు నెలకు 100 రియాళ్లు. ఏటా మరో వంద పెరుగుతూ 2020 నాటికి అది 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న ఉద్యోగి మొదటి ఏడాది నెలకు 400 రియాళ్లు కడితే, 2020లో అదే కుటుంబానికి 1,600 కట్టవలసి వచ్చింది. చిన్న జీతగాళ్లకు అది మోయలేని భారం. చాలామంది తాము అక్కడే ఉండి భార్యాబిడ్డల్ని హైదరాబాదుకో, నిజామాబాదుకో, కరీంనగర్‌కో, కడపకో పంపించేశారు. ఆ తర్వాత 2020లో కరోనా వచ్చింది. ఉద్యోగాలు పోయినవారు ఆ ఏడాది మే నెల నుండి నడిచిన ప్రత్యేక విమానాల్లో ఇంటిల్లిపాదీ తిరిగివచ్చారు. ఇఖామా పొడిగించకపోవడం, కంపెనీ మూతపడటం, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యం... ఇలా ఏదో ఒక కారణంతో ఈ రాకలు సాగుతూనే ఉన్నాయి.

ఇలా వచ్చినప్పుడు పెద్దల బుర్ర నిండా లెక్కలే ఉంటాయి. కార్గోలో వేసిన పెట్టెలు చేరాయా? అద్దెకు ఇల్లు ఎక్కడ? స్కూల్లో సీటు దొరుకుతుందా? అక్కడి టి.సి. మీద ముద్రలన్నీ ఉన్నాయా? బంధువులు చూడటానికి వచ్చి “అల్‌హందులిల్లాహ్, చివరికి సొంతూరు చేరారు” అంటారు. తల్లిదండ్రుల విషయంలో ఆ మాట నిజమే. రియాద్‌లో పుట్టి, రియాద్‌లోనే నడక నేర్చి, ఎండాకాలం సెలవుల్లో మాత్రమే మన ఊరు చూసిన తొమ్మిదేళ్ల పిల్లవాడి విషయంలో మాత్రం అది నిజం కాదు. వాడు సొంతూరు చేరలేదు, సొంతూరు వదిలి వచ్చాడు. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చుని వచ్చినా తండ్రి చేసిన ప్రయాణం వేరు, కొడుకు చేసిన ప్రయాణం వేరు. ఈ తేడా గమనించకపోవడం వల్లే మనం పిల్లల బాధను పెంకితనం అనీ, గారాబం అనీ, గల్ఫ్ పోకడ అనీ పొరబడుతుంటాం.

ఈ విషయంలో మనకు దైవప్రవక్త (స) ఆచరణలో ఆదర్శం ఉంది. సీరత్ సభల్లో మనం తరచుగా వినే సంఘటనలే ఇవి. కాకపోతే పిల్లల వైపు నుండి వాటిని చూడటం తక్కువ.

తల్లికి పరదేశం, బిడ్డకు పుట్టిన గడ్డ

మక్కా అవిశ్వాసుల హింస భరించలేక కొందరు ముస్లిములు దైవప్రవక్త (స) అనుమతితో సముద్రం దాటి హబషా, అంటే అబిసీనియా దేశానికి వలస వెళ్లారు. మొదటి బృందం వెళ్లింది క్రీ.శ. 615లో. ఆ తర్వాత వెళ్లినవారిలో ఆయన పెదనాన్న కుమారుడు హజ్రత్ జాఫర్ (రజి), ఆయన భార్య హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) ఉన్నారు. హజ్రత్ ఖాలిద్ బిన్ సయీద్ (రజి) దంపతులు కూడా ఉన్నారు. వారు సుమారు పన్నెండు, పదమూడేళ్లు అక్కడే ఉండిపోయారు. వారి పిల్లలు అక్కడే పుట్టారు. హిజ్రీ 7వ సంవత్సరంలో, ఖైబర్ విజయం లభించిన రోజుల్లో, వారు ఓడలో ప్రయాణించి మదీనా చేరుకున్నారు.

మదీనాలో ఒకనాడు హజ్రత్ ఉమర్ (రజి) హజ్రత్ అస్మా (రజి)తో మాట్లాడుతూ, హిజ్రత్‌లో మేము మీకంటే ముందున్నాం, దైవప్రవక్తపై మాకే ఎక్కువ హక్కు ఉంది అన్నారు. ఆమెకు కోపం వచ్చింది. మీరు దైవప్రవక్త దగ్గరే ఉన్నారు, మీలో ఆకలిగొన్నవారికి ఆయన అన్నం పెట్టేవారు, మేమేమో ఎక్కడో దూరాన, ఇష్టం లేని పరాయి దేశంలో భయంతో గడిపాం అని బదులిచ్చారు. విషయాన్ని దైవప్రవక్త (స) దృష్టికి తీసుకెళ్లారు. వారికి ఒక హిజ్రత్ పుణ్యమే, ఓడలో వచ్చిన మీకు రెండు హిజ్రత్‌ల పుణ్యం అని ఆయన ఆమెకు ఊరట కలిగించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది. గల్ఫ్ నుండి వచ్చినవారిని “ఇన్నాళ్లూ ఏసీ గదుల్లో సుఖపడ్డారు, ఇప్పుడు తెలుస్తుంది” అని దెప్పే బంధువులు దీన్ని ఒకసారి చదవాలి. వెళ్లినవాళ్ల కష్టం వెళ్లినవాళ్లకే తెలుస్తుంది.

కానీ మన విషయం పిల్లలు కదా. అస్మా (రజి)కి హబషా ఇష్టం లేని పరాయి దేశం. ఆమె కొడుకులకు? వారు కళ్లు తెరిచి చూసిన లోకం అదే. మదీనా వారికి వినడమే తప్ప ఎరగని ఊరు. హజ్రత్ ఖాలిద్ (రజి) కుమార్తె ఉమ్మె ఖాలిద్ (రజి)కి కూడా అంతే. తాను చిన్నపిల్లగా ఉన్నప్పుడు హబషా నుండి వచ్చానని ఆమే స్వయంగా చెప్పుకున్నారు.

ఆ చిన్నపిల్ల విషయంలో దైవప్రవక్త (స) ఏం చేశారో చూడండి. ఆయన దగ్గరకు కొన్ని బట్టలు వచ్చాయి. వాటిలో చారల అల్లిక ఉన్న చిన్న నల్లని వస్త్రం ఒకటి ఉంది. ఇది ఎవరికి తొడగమంటారు అని అడిగితే సహచరులు మౌనంగా ఉండిపోయారు. ఉమ్మె ఖాలిద్‌ను తీసుకురమ్మన్నారు. ఆమెను ఎత్తుకుని తీసుకొచ్చారు. ఆయన తన చేత్తో ఆ బట్ట తొడిగారు. అది పాతబడి చిరిగేదాకా నువ్వు తొడుక్కోవాలి అని దీవించారు. తర్వాత ఆ అల్లికను చూపిస్తూ “సనా, సనా” అన్నారు. అది అరబీ మాట కాదు, హబషా మాట. బాగుంది అని అర్థం.

ఇమామ్ బుఖారీ (రహ్) ఈ హదీసును జిహాద్ ప్రకరణంలో, అరబీయేతర భాషలో మాట్లాడటం అనే శీర్షిక కింద కూడా పొందుపరిచారు. విద్యార్థులు దాన్ని భాషకు సంబంధించిన మసాయిల్ కోసం చదువుతారు. ఆ హదీసులో ఒక తర్బియత్ పాఠం కూడా ఉంది. అల్లాహ్ సందేశహరుడు, అరబీ భాషలో అందరికంటే చక్కగా మాట్లాడే వ్యక్తి, కొత్త ఊరు వచ్చిన ఒక పిల్లతో ఆమె పాత ఊరి మాట మాట్లాడారు. ఇక్కడికి వచ్చావు, ఇక అరబీ నేర్చుకో అనలేదు. నువ్వు వదిలివచ్చిన చోటు నాకు తెలుసు, దాన్ని నేను చులకనగా చూడను అని ఆ ఒక్క మాటతో ఆమెకు తెలియజేశారు. మరో ఉల్లేఖనంలో ఆ పిల్ల ఆయన భుజాల మధ్య ఉన్న ప్రవక్తా ముద్రతో ఆడుకోబోయింది. తండ్రి కసిరాడు. దైవప్రవక్త (స) ఆమెను వదిలేయమన్నారు. కొత్త చోటికి వచ్చిన పిల్ల ఎదుట నిలబడి ఉన్నది ఎంతటి గొప్పవారైనా ఆమె చేయి చాచి తాకాలనే చూస్తుంది. కన్నతండ్రికి అది మర్యాద తప్పడంగా కనిపించింది, దైవప్రవక్త (స)కు మాత్రం అలా అనిపించలేదు.

మన ఇళ్లలో జరిగేది

ఇప్పుడు మన సంగతి చూద్దాం. జిద్దా నుండి వచ్చిన పిల్ల “మా స్కూల్లో అయితే...” అని మొదలుపెట్టగానే దాదీ “ఇంకా మా స్కూలేంటి, నీ స్కూలు ఇదే” అంటుంది. పిన్ని పిల్లలు “జిద్దా, జిద్దా” అని ఏడిపిస్తారు. తండ్రి ఫోన్లో “మరచిపో బేటా, అక్కడేముంది” అంటాడు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ ఆ పిల్లకు అర్థమయ్యేది ఒకటే, నా జీవితంలో నిన్నటిదాకా ఉన్నదాని గురించి ఇక్కడ మాట్లాడకూడదు. అప్పుడు మాట లోపలికి పోతుంది, బయటకు వేరే రూపంలో వస్తుంది.

మక్తబ్‌లో పాఠం చెప్పేవారికి ఇది బాగా తెలుస్తుంది. అరబ్బు దేశాల్లో ఖారీల దగ్గర నాజిరా నేర్చుకున్న పిల్లలు ‘ఐన్’, ‘హా’ అక్షరాలు చక్కగా పలుకుతారు. ఇక్కడి పిల్లలకు అది వింతగా ఉండి నవ్వుతారు. మా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి నెల తిరిగేసరికి కావాలనే తప్పుగా పలకడం మొదలుపెట్టాడు. సరైనది తెలియక కాదు, నలుగురిలో కలిసిపోవడానికి! ఖుర్ఆన్ విషయంలోనే అలా చేస్తే బడిలో ఇంకెలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

బడిలో మరో చిక్కు ఉంది. గల్ఫ్‌లోని భారతీయ స్కూళ్లలో ఇంగ్లీషు, హిందీ చదివిన పిల్లలకు తెలుగు అక్షరాలు రావు. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం ఒకటి నుండి పదో తరగతి వరకు అన్ని బడుల్లోనూ తెలుగును తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. ఆంధ్రలో ఎలాగూ ఊరంతా తెలుగే. అక్కడ తరగతిలో మొదటి వరుసలో ఉన్న పిల్లవాడు ఇక్కడ ఐదో తరగతిలో కూర్చుని ‘అ, ఆ’లు దిద్దాలి. చుట్టూ ఉన్నవాళ్లు వాడికంటే తెలివైనవాళ్లేమీ కాదు, అయినా వాడే వెనకబడినవాడు. ఆ అవమానాన్ని మార్కుల సమస్యగా చూసి ట్యూషన్ పెట్టించి ఊరుకుంటాం. ట్యూషన్ అవసరమే. దానికి ముందు “నీకు మూడు భాషలు వచ్చు, ఇది నాలుగోది, ఒక ఏడాది పడుతుంది” అని తండ్రి నోటి నుండి ఒక మాట రావాలి.

ముందే చెప్పండి, నిజమే చెప్పండి

చాలా కుటుంబాల్లో జరిగే పొరపాటు ఒకటుంది. ఫైనల్ ఎగ్జిట్ పడిన సంగతి పిల్లలకు చెప్పరు. “సెలవులకు ఊరెళ్తున్నాం” అంటారు. పిల్లలు తరగతిలో స్నేహితులకు “జూన్‌లో వస్తాం” అని చెప్పి వస్తారు. ఇక్కడికి వచ్చాక, స్కూలు యూనిఫాం కుట్టించేటప్పుడు, అసలు విషయం తెలుస్తుంది. పిల్లలు బాధపడకూడదని చేశామంటారు. నిజానికి ఆ బాధ తప్పలేదు సరికదా, తల్లిదండ్రుల మాట మీద నమ్మకం కూడా పోయింది.

అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నప్పటి సంగతి అబూ దావూద్‌లో ఉంది. దైవప్రవక్త (స) వారింట్లో కూర్చుని ఉండగా తల్లి ఆయన్ని “ఇలా రా, నీకొకటి ఇస్తాను” అని పిలిచింది. ఏమివ్వాలనుకున్నావు అని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం అని చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ ఖాతాలో ఒక అబద్ధం రాయబడి ఉండేది అన్నారు. ఖర్జూరం విషయంలోనే ఇంత పట్టింపు ఉంటే, పిల్లవాడి ఇల్లూ, బడీ, స్నేహితులూ శాశ్వతంగా మారిపోతున్న విషయంలో అబద్ధం చెప్పడం ఎంత తీవ్రమైనదో ఆలోచించండి.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఖుర్ఆన్‌లో ఉంది. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై)కు కలలో కనిపించిన విషయం ఏ తండ్రీ కొడుకుతో చెప్పగలిగేది కాదు. అయినా ఆయన దాన్ని కొడుకుకు దాచలేదు. ఉన్నది చెప్పి, నీ అభిప్రాయమేమిటని అడిగారు. (చూడండి: సూరహ్ సాఫ్ఫాత్, 102వ ఆయతు.) అల్లాహ్ ఆజ్ఞ కొడుకు అభిప్రాయం మీద ఆధారపడి లేదు. అయినా అడిగారు. మన ప్రయాణం కూడా పిల్లవాడు వద్దన్నంత మాత్రాన ఆగకపోవచ్చు. అయినా చిన్న విషయాల్లో వాడిని అడగవచ్చు. విమానంలో తలకింత బరువే తీసుకెళ్లనిస్తారు కాబట్టి బొమ్మలన్నీ రావు. అప్పుడు అమ్మ చూడకుండా పారేయడం కంటే, ఏ రెండు వస్తువులు తీసుకెళ్దామో నువ్వే చెప్పు అనడం మేలు. స్నేహితుల వద్ద సలాం చెప్పి సెలవు తీసుకోవడానికి ఒక సాయంత్రం ఇవ్వాలి. పిల్లవాడు చదువుకున్న మస్జిద్‌కు చివరిసారి తీసుకెళ్లి రెండు రకాతులు చదివించడానికి ఎంతసేపు పడుతుంది?

ఊరి మీద బెంగ ఈమాన్ లోపం కాదు

“సబ్ర్ చెయ్యి” అన్న మాటను మనం పిల్లల మీద తొందరపడి ప్రయోగిస్తాం. ఏడవకు, సబ్ర్ చెయ్యి. మగపిల్లాడివి ఏడవడమేంటి, సబ్ర్ చెయ్యి. సబ్ర్ అంటే నోరు మూసుకోవడం అని పిల్లవాడు అనుకుంటే ఆ తప్పు మనది.

క్రీ.శ. 622లో మక్కా నుండి మదీనా వచ్చిన ముహాజిర్లు కొత్త ఊరి వాతావరణం పడక జ్వరాల పాలయ్యారు. హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) మంచాన పడ్డారు. జ్వరం కాస్త తగ్గితే చాలు బిలాల్ (రజి) మక్కా లోయను, అక్కడి గడ్డి మొక్కల్ని, నీటి చెలమల్ని, కొండల్ని తలచుకుని పెద్ద గొంతుతో కవితా చరణాలు చదివేవారు. ఆ మక్కా ఆయనను ఎండలో బండ కింద పెట్టి హింసించిన ఊరు! అయినా బెంగ పెట్టుకున్నారు. హజ్రత్ ఆయిషా (రజి) వెళ్లి ఈ సంగతి చెబితే దైవప్రవక్త (స) వారిని మందలించలేదు. మక్కా మాకు ఎంత ప్రియమైనదో మదీనాను కూడా అంత ప్రియమైనదిగా, అంతకంటే ఎక్కువ ప్రియమైనదిగా చెయ్యి అని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ ఊరి గాలి తమకు పడేలా చేయమని, అక్కడి కొలతల్లో బర్కత్ ఇవ్వమని అర్థించారు. (బుఖారీ)

ఈ దుఆలో మక్కాను మరిపించమని లేదు. పాత ఊరి మీద ప్రేమ అలాగే ఉంది, దాని పక్కన కొత్త ఊరి మీద ప్రేమ కోసం అడిగారు. పిల్లలతో రాత్రి పడుకునే ముందు ఇదే కోరికను మన మాటల్లో చెప్పించవచ్చు. “యా అల్లాహ్, రియాద్ నాకు ఇష్టం. ఈ ఊరు కూడా నాకు ఇష్టమయ్యేలా చెయ్యి” అని పిల్లవాడు తన నోటితో అడగవచ్చు. అలా అడిగితే రెండు లాభాలు. దుఆ దుఆగా ఉంటుంది. నాకు బెంగగా ఉంది అని చెప్పుకునే చోటు కూడా దొరుకుతుంది.

జాఫర్ (రజి) కొడుకులు

హబషా నుండి వచ్చిన జాఫర్ (రజి) కొడుకులు అబ్దుల్లాహ్, ఔన్, ముహమ్మద్. మదీనాకు అలవాటు పడేలోపే వారికి మరో దెబ్బ తగిలింది. వచ్చిన మరుసటి ఏడాది, హిజ్రీ 8వ సంవత్సరంలో, మూతా యుద్ధంలో వారి తండ్రి అమరులయ్యారు.

ఆ రోజు అస్మా (రజి) రొట్టెల పిండి కలిపి, పిల్లలకు స్నానం చేయించి, తలకు నూనె రాసి శుభ్రంగా తయారుచేశారు. దైవప్రవక్త (స) ఇంటికి వచ్చి జాఫర్ పిల్లల్ని నా దగ్గరకు తీసుకురా అన్నారు. వారిని దగ్గరకు తీసుకుని వాసన చూశారు. ఆయన కళ్ల నుండి నీళ్లు కారాయి. అస్మా (రజి) విషయం అడిగి తెలుసుకున్నారు. ఆమె ఏడ్చారు, ఆడవాళ్లు చేరారు. దైవప్రవక్త (స) తన ఇంటివారితో, జాఫర్ ఇంటివారికి వంట చేసి పంపండి, వారు తీరిక లేని దుఃఖంలో ఉన్నారు అని చెప్పారు. చావు ఇంటికి పొరుగువారు భోజనం పంపే మన ఆనవాయితీకి మూలం ఇదే. ఈనాడు కొన్ని చోట్ల చావు ఇంటివారే ఊరందరికీ వండిపెడుతున్నారు, అది వేరే చర్చ.

పిల్లల ఎదుట ఆయన కన్నీళ్లు దాచుకోలేదు. పిల్లలు చూస్తారు, వాళ్లను అవతలికి తీసుకెళ్లండి అనలేదు. పిల్లల్ని దగ్గరకు తీసుకునే ఏడ్చారు. ఇంట్లో అందరి కళ్లూ ఎర్రగా ఉండి, గది తలుపులు మూసి గుసగుసలాడుతూ, పిల్లవాడు అడిగితే “ఏం లేదు, నువ్వెళ్లి ఆడుకో” అనడంలో ఉండే భయం ఎంతటిదో అనుభవించిన వారికే తెలుస్తుంది. తండ్రి ఉద్యోగం పోయినప్పుడు కూడా మన ఇళ్లలో ఇదే జరుగుతుంది. లెక్కలన్నీ పిల్లలకు చెప్పనక్కర్లేదు. “అబ్బూ పని పోయింది, వెతుకుతున్నారు, తినడానికి ఉంది, నీ ఫీజు సంగతి మేము చూసుకుంటాం” అన్నంత చెబితే చాలు.

మూడు రోజులు గడిచాక దైవప్రవక్త (స) మళ్లీ వచ్చారు. నా సోదరుని కోసం నేటి తర్వాత ఇక ఏడవకండి అన్నారు. అంటే ఏడవడానికి సమయం ఇచ్చి, ఆ తర్వాత ఆపమన్నారు. మనం మొదటి గంటలోనే ఆపమంటాం! ఆ పిల్లల్ని పిలిపించారు. ఆనాడు తాము పక్షి పిల్లల్లా ఉన్నామని పెద్దయ్యాక అబ్దుల్లాహ్ (రజి) గుర్తుచేసుకున్నారు. దైవప్రవక్త (స) క్షురకుణ్ణి పిలిపించి వారికి తలలు గొరిగించారు. దుఃఖంలో ఉన్న తల్లికి పిల్లల జుట్టు సంగతి చూసే తీరిక ఎక్కడిది? ఒక పెద్దమనిషి వచ్చి ఆ పని జరిపించారు. ఇంత చిన్న విషయం హదీసు గ్రంథాల్లో ఎందుకు భద్రంగా ఉందని నేను చాలాసార్లు ఆలోచించాను. కష్టకాలంలో పిల్లలకు లోకం మళ్లీ మామూలుగా నడుస్తోందని తెలిసేది ఇలాంటి పనులతోనే. వేళకు స్నానం, వేళకు అన్నం, జుట్టు కత్తిరింపు, బడికి ఉతికిన బట్టలు.

ఆ తర్వాత ఒక్కొక్కరి గురించి మాట్లాడారు. ముహమ్మద్ మా పెదనాన్న అబూ తాలిబ్‌లా ఉన్నాడు, అబ్దుల్లాహ్ రూపంలో, గుణంలో నన్ను పోలి ఉన్నాడు అన్నారు. అబ్దుల్లాహ్ చేయి పట్టి పైకెత్తి, జాఫర్ కుటుంబానికి నీవే తోడుగా ఉండు, ఇతడి వ్యాపారంలో బర్కత్ ఇవ్వు అని ముమ్మారు దుఆ చేశారు. తల్లి వచ్చి పిల్లలు అనాథలైన సంగతి చెప్పుకుంటే, వీరికి లేమి కలుగుతుందని భయపడుతున్నావా, ఇహంలోనూ పరంలోనూ వీరి సంరక్షకుణ్ణి నేనే కదా అన్నారు. (ముస్నద్ అహ్మద్) తండ్రి పోయిన పిల్లవాడిలో మూడు ప్రశ్నలు మెదులుతాయి. నేను ఎవరి మనిషిని? మాకు అన్నం ఎవరు పెడతారు? నేనేమవుతాను? మూడింటికీ ఆయన జవాబు చెప్పారు. అదీ మాట వరసకు కాదు. ప్రయాణం నుండి తిరిగివచ్చే దైవప్రవక్త (స)కు ఎదురుగా ఇంటి పిల్లల్ని తీసుకెళ్లేవారు. ఒకసారి తనను వాహనంపై ముందు కూర్చోబెట్టుకున్నారనీ, ఫాతిమా (రజి) కొడుకుల్లో ఒకరిని వెనక కూర్చోబెట్టుకున్నారనీ, ముగ్గురం అలాగే మదీనాలో ప్రవేశించామనీ అబ్దుల్లాహ్ (రజి) చెప్పారు. (ముస్లిం) తర్వాతి కాలంలో ఆయన ఎంతటి దాతగా పేరు పొందారంటే, జనం ఆయన్ని దాతృత్వ సముద్రం అని పిలుచుకున్నారు.

ఈ పిల్లల జీవితంలో మార్పులు అంతటితో ఆగలేదు. తల్లి హజ్రత్ అబూబక్ర్ (రజి)ను, ఆయన మరణానంతరం హజ్రత్ అలీ (రజి)ను పెళ్లాడారు. పిల్లలున్న విధవరాలు మళ్లీ పెళ్లి చేసుకుంటే పిల్లలు పాడైపోతారని నమ్మే మన సమాజానికి ఆ ఇంటి చరిత్రే సమాధానం.

శరీరం చెప్పే మాట

పిల్లలు మనసులో బాధను మాటల్లో చెప్పలేరు. వారి శరీరం చెబుతుంది. ఎప్పుడో మానేసిన చిన్నపిల్ల మళ్లీ పక్క తడుపుతుంది, వేలు చీకుతుంది, అమ్మ వంటింట్లోకి వెళ్లినా వెంటపడుతుంది. బడి వయసు వారికి సరిగ్గా బడి వేళకే కడుపునొప్పి వస్తుంది, సెలవు రోజు రాదు. దాన్ని నాటకం అనకండి. బెదురుతో కడుపు నిజంగానే నొప్పెడుతుంది. కొందరు తమ్ముణ్ణీ చెల్లెల్నీ కొడతారు. పదమూడు, పద్నాలుగేళ్ల వారు గదిలో ఫోనుతో ఉండిపోతారు, రాత్రి నిద్రపోరు, దేనికైనా “నాకేం తెలీదు” అంటారు. పక్క తడిపిన సంగతి బంధువుల ముందు చెప్పి నవ్వితే అది ఇంకా పెరుగుతుంది. రాత్రి పడుకునే ముందు బాత్రూముకు పంపి, పొద్దున మాట్లాడకుండా దుప్పటి మార్చండి.

మారని వాటిని మారకుండా ఉంచాలి. దేశం మారింది, ఇల్లు మారింది, బడి మారింది. ఐదు పూటల నమాజు మారలేదు. పడుకునే ముందు చదివే చివరి మూడు సూరాలు మారలేదు. దైవప్రవక్త (స) హసన్, హుసైన్‌లకు (రజి) అల్లాహ్ రక్షణ కోరుతూ ఒక దుఆ చదివేవారు. ఇబ్రాహీమ్ (అలై) కూడా తన కొడుకులు ఇస్మాయీల్, ఇస్‌హాఖ్‌లకు ఇదే దుఆ చదివేవారని చెప్పేవారు. (బుఖారీ) అక్కడ తండ్రి తల మీద చేయి వేసి చదివి ఉంటే, ఇప్పుడు తండ్రి అక్కడే ఉండిపోయినా అదే వేళకు ఫోన్లో చదవవచ్చు. తండ్రి ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న మార్కుల గురించి కాకుండా ఉంటే మేలు. వాడి పాత స్నేహితులతో వారానికి ఒకసారి మాట్లాడనివ్వండి. మాట్లాడితే బెంగ పెరుగుతుందని కొందరి అనుమానం. ఆ రోజు కాస్త ఏడుస్తాడు, నిజమే. ఏడవనివ్వండి.

నెలా రెండు నెలల్లో చాలామంది పిల్లలు కుదుటపడతారు. అలా కాకుండా తిండి, నిద్ర, బడి పూర్తిగా దెబ్బతిన్నా, పిల్లలు మాటలే మానేసినా వైద్యుణ్ణి కలవాలి. చనిపోతే బాగుండు అన్నా, తమను తాము గాయపరచుకున్నా ఒక్క రోజు కూడా ఆగకూడదు. దుఆ చేయండి, ఖుర్ఆన్ ఆయతులు చదివి ఊదండి. అదే సమయంలో వైద్యం చేయించండి. రోగంతో పాటు మందునూ అల్లాహ్ దించాడనీ, చికిత్స చేయించుకోవాలనీ చెప్పింది దైవప్రవక్తే (స). పిల్లకు నీడ పడిందని చెప్పి తాయెత్తులకు వేలు గుంజేవారి గుమ్మం తొక్కకండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే ఉచిత ఫోన్ సేవ 14416లో తెలుగులోనూ మాట్లాడతారు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది.

మక్తబ్ ఉస్తాదులకూ, మస్జిద్ పెద్దలకూ ఒక మనవి. సౌదీలో సెలవు శుక్రవారం. పిల్లవాడు ఊహ తెలిసినప్పటి నుండి తండ్రి వేలు పట్టుకుని జుమాకు వెళ్లాడు. ఇక్కడ జుమా వేళ వాడు బడి బెంచీ మీద ఉంటాడు. నమాజు వినబడుతుంటుంది, వెళ్లలేడు. ఆ మొహల్లా పిల్లల కోసం మస్జిద్ కమిటీ వారు హెడ్‌మాస్టరును కలిసి, శుక్రవారం మధ్యాహ్నం గంటసేపు అనుమతి కోరుతూ ఒక అర్జీ ఇవ్వవచ్చు. మర్యాదగా అడిగితే ఒప్పుకునేవారు ఉన్నారు. ఇక మక్తబ్‌లో కొత్తగా వచ్చిన పిల్లవాణ్ణి మొదటి నెల పరీక్షించకండి. ‘ఐన్’ ఎలా పలకాలో తోటివారికి వాడి చేత చెప్పించండి. మార్కెట్టుకు, బస్సుకు, మంచినీళ్లకు అక్కడ ఏమంటారో అడిగి, మీరూ ఒక మాట నేర్చుకోండి.